ఒకే దండోరా, రెండు ఊళ్ళు

1986 జూన్‌లో నన్ను తెనాలి సబ్ డివిజన్ ఆఫీసు నుంచి రేపల్లె వైపు ఒక కాలువ సెక్షన్‌కి వేశారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు. ఆ పేరు ఉత్తర్వుల మీదే ఉండేది, కాలువ గట్టు మీద మాత్రం అందరూ సెక్షనాఫీసరు గారనే పిలిచేవారు. నా పైన తెనాలిలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉండేవారు. మేం డి.ఇ. గారు అనేవాళ్ళం. ఆయన పైన డివిజన్ మొత్తానికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నా కింద ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, కొందరు లస్కర్లు. లస్కరంటే గట్టు వెంట తిరుగుతూ తూముల దగ్గర షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగి. డెల్టాలో నీళ్ళు పైనుంచి కిందికి వస్తాయి, ఆర్డర్లూ అంతే. కాకపోతే నీళ్ళు మా దాకా వచ్చేసరికి తగ్గిపోయేవి, ఆర్డర్లు వచ్చేసరికి పెరిగిపోయేవి.

మాది బాపట్ల. మా నాన్న మిషన్ బడిలో పంతులు. రేపల్లెలో చర్చికి దగ్గరగా ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, పొద్దున్నే మోపెడ్ మీద కాలువ గట్టెక్కేవాణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత ఆ రోజుల్ని తలుచుకుంటే ముందుగా ఆ వెలుతురు గుర్తొస్తుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పచ్చటి చేలు, మధ్యలో నేనొక్కణ్ణి. తాటిచెట్ల నీడలు గట్టు మీంచి నీళ్ళలోకి దిగి, అక్కణ్ణించి అవతలి గట్టెక్కేవి. గుర్రపుడెక్క పూలు తేలుతూ వచ్చి లాకుల దగ్గర ఆగేవి. గాలి మళ్ళితే ఉప్పు వాసన తగిలేది, సముద్రం ఎక్కడో పక్కనే ఉందన్నట్టు. ఉద్యోగం చేస్తున్నానో నిద్రలో నడుస్తున్నానో తెలిసేది కాదు. ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో లేచీ లేవకముందు ఆ గట్టు మీదే ఉంటాను.

పని మాత్రం కల కాదు. గేజి రాళ్ళ మీద నీటి మట్టం చూసుకోవాలి, ఏ తూముకు ఎంత వదలాలో లెక్క కట్టాలి, చివరి మడి దాకా నీళ్ళు చేరేట్టు చూడాలి. చివరి భూముల్ని మేం శివారు అంటాం. ఇంజనీరు సమర్థుడా కాదా అన్నది శివారులో తేలుతుంది. తెనాలి దగ్గర పైరు పచ్చగా ఉంటే అది కాలువ గొప్ప. సముద్రం వైపు ఆఖరి ఎకరం పచ్చగా ఉంటేనే మా గొప్ప.

నా సెక్షన్‌లో ఒక పిల్లకాలువ మీద రెండు ఊళ్ళుండేవి. పేర్లు చెప్పను, రెండింటిలోనూ ఆ మనుషుల పిల్లలున్నారు. ఎగువ ఊరు, దిగువ ఊరు అంటాను. మధ్యలో ఒక తూము, కాస్త కిందికి పొలిమేర. ఈ ఊరి పిల్లల్ని ఆ ఊరికి, ఆ ఊరి పిల్లల్ని ఈ ఊరికి ఇచ్చుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పటానికి ఒక పూట పట్టేంతగా కలిసిపోయారు. నేను ఎవరికీ ఏమీ కాను కాబట్టి రెండు ఊళ్ళలోనూ సార్‌నే.

వచ్చిన ఏడాదే వాళ్ళ పద్ధతి ఒకటి చూశాను. వానలు వెనకపట్టి కాలువలో నీళ్ళు తగ్గినప్పుడు ఎగువ ఊరి రైతులు తూము దగ్గర తాటాకులూ మట్టీ వేసి చిన్న కట్ట కట్టేవారు. మా రూల్సు ప్రకారం అది అడ్డుకట్ట, నేరం. కానీ తమ మడులు తడవగానే దిగువ ఊరికి కబురు పెట్టేవారు. దిగువ ఊరి పెద్దలు కండువాలు వేసుకుని వచ్చి, గట్టు మీద కూర్చుని, మజ్జిగ తాగి, ఎండల గురించీ ఎరువుల గురించీ మాట్లాడి, లేవబోయే ముందు అనేవారు: "నీళ్ళను పిలుచుకుపోదామని వచ్చామండి." ఎగువ ఊరి పెద్ద అనేవాడు: "పంపిస్తాం, జాగ్రత్తగా తీసుకెళ్ళండి." ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు అనే మాటలే. అప్పుడు తాటాకు కట్ట తీసేసేవారు. దిగువ ఊరివాళ్ళు నీటి వెంటే గట్టు మీద నడిచి వెళ్ళేవారు. ఎగువ ఊరివాడు ఒకడు పొలిమేర దాకా వెళ్ళి సాగనంపి వచ్చేవాడు.

మా లస్కరు ఏసోబు ఇదంతా నాకు కథలా చెప్పాడు. ఏసోబు దేన్నైనా రెండింతలు చేసి చెప్పే మనిషి. కాలువలో పాము కనపడితే మొసలనేవాడు. అందుకని సగమే నమ్మి స్వయంగా వెళ్ళి చూశాను. ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. రూల్సు బుక్కులో లేని పద్ధతైనా నీళ్ళు శివారుకు చేరుతున్నాయి కదా అని నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మరుసటి ఏడు, 1987లో, వానలు పూర్తిగా మొహం చాటేశాయి. నాట్లే ఆలస్యంగా పడ్డాయి. దసరా దాటేసరికి పైరు పొట్ట మీద ఉంది. పొట్ట దశ అంటే కంకి ఇంకా ఆకుల మధ్య దాగి, బయటికి రాబోయే సమయం. అప్పుడు తడి లేకపోతే కంకి వస్తుంది, గింజ రాదు. ఉత్త తాలు. కాలువల మీద అన్ని సెక్షన్లలోనూ గొడవలు మొదలయ్యాయి. పైనుంచి ఒక సైక్లోస్టైలు నోటీసు దిగింది. అన్ని ఊళ్ళకూ అదే నోటీసు. ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలారు, మేం నింపుకోవాలి. "ఎగువ ఆయకట్టుదారులు అడ్డుకట్టలు వేసి నీటి చౌర్యమునకు పాల్పడుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. అట్టివారు చట్టరీత్యా శిక్షార్హులు" అని దాని సారాంశం. ఒక కాలువ మీద ఎన్ని ఊళ్ళుంటే అన్ని ఊళ్ళలోనూ దండోరా వేయించాలని కింద రాశారు. ఆయకట్టు అంతటికీ తెలియాలి కదా, అదీ రూలు.

రెండు ఊళ్ళకూ దండోరా వేసే గ్రామ సేవకుడు ఒక్కడే, పున్నయ్య. గొంతు విప్పితే పక్క ఊరికి వేరే దండోరా అక్కర్లేదు. నోటీసు చదివించుకుని తల ఊపి డప్పు తీసుకున్నాడు. 'చౌర్యమునకు పాల్పడుచున్నట్లు' అని వీధిలో నిలబడి అరిస్తే ఎవరికి తెలుస్తుంది? అతను దాన్ని జనానికి తెలిసేట్టు మార్చుకున్నాడు. దిగువ ఊళ్ళో కాఫీ హోటలు ముందు నిలబడి డప్పు మీద నాలుగు దెబ్బలేసి, "ఎగువూరి నీళ్ళ దొంగలకు సర్కారువారి హెచ్చరికహో!" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేం. మేం రాసింది అదే. మేం ముసుగేసి రాసిన మాటకు అతను ముసుగు తీశాడంతే.

దిగువ ఊళ్ళో కుర్రాళ్ళు పగలబడి నవ్వారట. సాయంత్రానికల్లా 'దొంగలూరు' అనే పేరు పుట్టింది. పున్నయ్య అదే ఊపులో ఎగువ ఊరికి వెళ్ళి అక్కడా అవే మాటలు అరిచాడు. అక్కడెవరూ నవ్వలేదు. ఆ ఊరి పెద్ద రాఘవయ్య గారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారట. విన్నారు. పేపరు మడిచి లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. మర్నాడు తూము దగ్గర తాటాకులు పోయి ఇసక బస్తాలు వచ్చాయి. తాటాకు కట్టకు సందులుంటాయి, ఎంతోకొంత తడి కిందికి జారుతుంది. ఇసక బస్తాల మధ్య చుక్క కూడా జారదు.

నేను రాఘవయ్య గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, గొంతు ఏ మాత్రం పెంచకుండా చెప్పారు.

"మా తాతల నాటి నుంచి నీళ్ళు పంపుతున్నామండి. మా చేలు ఎండినప్పుడు కూడా పంపాం. పంపేవాణ్ణి పట్టుకుని దొంగంటే ఇంక పంపటమెందుకు? మమ్మల్ని దొంగల్లాగే ఉండమన్నారు, ఉంటాం."

అంతటి పెద్దమనిషి అంత నెమ్మదిగా అన్నందుకే నాకు భయం వేసింది. అరిచేవాడితో మాట్లాడవచ్చు. ఆయన అప్పటికే మనసుకు తలుపేసుకున్నారు.

తర్వాత ఒక పొద్దున నా ఆఫీసు వసారాలో ఒకావిడ నిలబడి ఉంది. పేరు రత్నమ్మ. దిగువ ఊరి కోడలు, ఎగువ ఊరి ఆడపడుచు. రాఘవయ్య గారికి తమ్ముడి కూతురు. ఆమె భర్త నడుం పడిపోయి మంచం మీద ఉంటే, ఆ ఏడే మొదటిసారి తానే ఎకరన్నర కౌలుకు చేసింది. ఆ చేను శివారులోకెల్లా శివారు, దాని తర్వాత ఉప్పు కయ్యలే. దిగువ ఊళ్ళో కలిగినవాళ్ళు మురుగు కాలువలోంచి ఆయిల్ ఇంజన్లతో కాసిని నీళ్ళు తోడుకుంటున్నారు. ఉప్పగా ఉన్నా పైరు ప్రాణం నిలబడుతుంది. రత్నమ్మకు ఇంజనూ లేదు, మురుగు కాలువ ఆమె చేను దాకా రానూ రాదు.

"పైరు పొట్ట మీదుందండి. వాళ్ళ రోషాలు తర్వాతైనా తీర్చుకోవచ్చు, నా చేను ఆగదు. ఈ పంట పోతే కౌలు వదిలేసి, వేటపాలెంలో మా అక్క దగ్గరికెళ్ళి జీడిపప్పు ఫ్యాక్టరీలో కూర్చోవటమే" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆర్డరు ఇస్తున్నట్టుగానే చెప్పింది. వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. పంపు దగ్గర నీళ్ళు పట్టుకునేటప్పుడు ఆమెను దొంగలూరి ఆడపడుచు అంటున్నారట. పుట్టింటి వైపు వెళ్దామంటే, గట్టు మీద ఎదురైన పెదనాన్న మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడట. "రెండు ఊళ్ళూ నావే అనుకున్నానండి. ఇప్పుడు ఒక్కటీ లేదు." ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆమె నా వైపు చూడలేదు.

ఆ వారంలోనే తూము దగ్గర కొట్లాట జరిగింది. దిగువ ఊరి కుర్రాళ్ళు బస్తాలు లాగెయ్యటానికి వెళ్ళారు. ఎగువ ఊరివాళ్ళు అడ్డం పడ్డారు. మొదట తోపులాటేనట. ఎవరో "దొంగ నాయాళ్ళు" అన్నారు, పార కామ లేచింది, ఒక పిల్లవాడి తల పగిలింది. రేపల్లె ఆస్పత్రిలో కుట్లు వేశారు. పోలీసులు వచ్చి రెండు వైపులా ఫిర్యాదులు తీసుకుని, తూము దగ్గర ఒక కానిస్టేబుల్ని కూర్చోబెట్టి వెళ్ళారు. ఆ కానిస్టేబులు బస్తాల మీదే కూర్చునేవాడు. ఎవరు ముట్టుకున్నా కేసే కాబట్టి ఇంక వాటిని కదిపే దిక్కు లేకపోయింది.

లాకుల పక్కన మాకొక ఇరిగేషన్ బంగళా ఉండేది. దాని వసారాలో కూర్చుంటే నీళ్ళు లాకు తలుపుల సందుల్లోంచి పడే చప్పుడు ఒకటే జోల. ఎంత కోపంతో వచ్చిన రైతైనా అక్కడ కాసేపు కూర్చుంటే ఆవులిస్తాడని ఏసోబు అనేవాడు. ఆ ధైర్యంతోనే ఇద్దరు పెద్దల్నీ అక్కడికి పిలిచాను. ఎగువ నుంచి రాఘవయ్య గారు, దిగువ నుంచి బసవయ్య. ఈ బసవయ్య రత్నమ్మకు బావగారు, అంటే భర్తకు అన్న. వరస ప్రకారం రాఘవయ్య గారు అతనికి మావయ్య. ఆ రోజు మాత్రం ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా కాలువ వైపే చూస్తూ కూర్చున్నారు.

బల్ల మీద కాలువ పటం పరిచాను. తూము ఎంత ఎత్తాలి, వారంలో ఏ రోజులు ఎవరికి, బస్తాలు ఎవరు తీయాలి, అన్నీ ఒక్కొక్కటిగా అడిగాను. అన్నిటికీ ఇద్దరూ సరేనన్నారు. ఒక్క దాని మీదా పేచీ లేదు. నాకు నవ్వొచ్చింది, ఇంత సులువా అనుకున్నాను. ఒప్పందం రాయటానికి కాగితం తీసి, "ఎగువ గ్రామస్థులు నీరు వదలుటకు అంగీకరించిరి" అని పైకి చదువుతూ మొదలుపెట్టాను.

బసవయ్య లేచి నిలబడ్డాడు. "వాళ్ళు అంగీకరించటమేంటండి? అవి మా నీళ్ళు. మా హక్కు."

సరే, అది కొట్టేసి, 'దిగువ గ్రామస్థుల హక్కు ప్రకారము' అని రాశాను. ఈసారి రాఘవయ్య గారు లేచారు. "హక్కైతే కోర్టులో ఉంటుందండి. ఇక్కడ మాతో పనేంటి? ఎప్పటిలా వచ్చి పిలిస్తే ఈ క్షణం పంపుతాం."

"దొంగసొత్తు కోసం దొంగ గుమ్మంలోకెళ్ళి పిలవాలా?" అన్నాడు బసవయ్య.

అంతే. ఇద్దరూ చెరో మెట్టు దిగి చెరో వైపు వెళ్ళిపోయారు. నీళ్ళ జోల ఎవరి మీదా పనిచేయలేదు. నేను పటం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. గోడవతల ఎండ కాలువ మీద పడి, దాని మెరుపు వసారా కప్పు మీద అలలు అలలుగా ఆడుతోంది. రోజుల్లో తేడా లేదు, షట్టరు ఎత్తులో తేడా లేదు. వాళ్ళ మధ్య ఉన్నది ఒక్క మాట. అది తీయటానికి నా దగ్గర పనిముట్టు లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో నీటి ఒత్తిడి గురించి ఎంతో చెప్పారు గానీ ఇది చెప్పలేదు. ఆ మధ్యాహ్నం నాకు నిజంగా ఒళ్ళు మండింది. వాళ్ళ మీద, ఆ నోటీసు రాసిన వాడెవడో వాడి మీద. రత్నమ్మ చేను కళ్ళ ముందు కదులుతూనే ఉంది.

కాసేపటికి ఒకటి తట్టింది. దొంగ అని మొదట అన్నది దిగువ ఊరు కాదు, దండోరా. దిగువ ఊరు దాన్ని ఎత్తుకుంది, అంతే. డప్పు కొట్టి అన్న మాటను మెల్లగా వసారాలో కూర్చుని తుడవలేం. దాన్ని మళ్ళీ డప్పే తుడవాలి.

బంగళాలో కరకరలాడే డిపార్ట్‌మెంటు ఫోను ఒకటుండేది. దాంట్లో తెనాలికి మా డి.ఇ. గారికి చెప్పాను, ఇంకో దండోరా వేయిస్తానని. ఆయన మంచివారే గానీ ఆఫీసు మనిషి. ప్రభుత్వం అన్న మాట వెనక్కి తీసుకోవటమంటూ ఉండదయ్యా అన్నారు. వెనక్కి తీసుకోవద్దు సార్, ముందుకు ఇంకో మాట అందాం అన్నాను.  నువ్వు ఏం అనిపించినా అందులో క్షమాపణ అనే మాట నాకు కనపడకూడదు అన్నారు. కనపడదని హామీ ఇచ్చాను.

ఈసారి పద్ధతి తిరగేశాను. ముందు నోటీసు రాసి పున్నయ్యకు ఇవ్వలేదు. అతన్ని వసారాలో కూర్చోబెట్టి, జరగబోయేది చెప్పి, వీధిలో ఎలా అంటావో అలా అనమన్నాను. అతను అన్నదాన్ని విన్నాను. మొదటిసారి సర్కారువారు దయతలచి అన్నాడు, అది తీయించాను. రెండోసారి తగువు తీరినందువల్ల అన్నాడు, తీరలేదు కాబట్టి అదీ తీయించాను. డప్పు మీద అదనంగా వేయబోయిన దరువులు కూడా ఆపించాను. చివరికి మిగిలిన మాటల్నే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రం రెండు ఊళ్ళలోనూ ఇదీ దండోరా: "రేపు పొద్దున్నే ఎగువూరివారు దిగువూరికి నీళ్ళు పంపుతున్నారు. దిగువూరివారు వచ్చి తీసుకెళ్ళాలి. అందరూ తూము కాడికి రావాలహో!"

ఎగువ ఊళ్ళో వినేటప్పుడు నేనూ అక్కడే నిలబడ్డాను, రాఘవయ్య గారి అరుగుకు కాస్త దూరంగా. 'పంపుతున్నారు' అన్న మాట దగ్గర ఆయన తల కొద్దిగా ఎత్తారు. దిగువ ఊళ్ళో బసవయ్య, మేం పిలవాలని ఏమీ అనలేదుగా అని ఎవరినో అడిగాడట. అనలేదు, వచ్చి తీసుకెళ్ళమన్నారంతే అని ఆ మనిషి చెప్పాడట. పిలుపు పని డప్పు చేసేసింది. ఇంకెవరూ తల వంచక్కర్లేదు. నా లెక్క అదీ. అది సరైన లెక్కో కాదో నాకూ తెలియదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఏసోబూ నేనూ తూము దగ్గరికి వెళ్ళాం. చేల మీద పల్చటి మంచు పరుచుకుని, తాటిచెట్లు మొదళ్ళు లేకుండా గాల్లో నిలబడ్డట్టున్నాయి. దగ్గరికి వెళ్ళాక చూస్తే ఇసక బస్తాలు లేవు. అవి గట్టు మీద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎవరు తీశారని కానిస్టేబుల్ని అడిగితే, నేను చూడలేదండి అని నవ్వాడు. బస్తాల స్థానంలో పచ్చి తాటాకులతో కొత్త కట్ట ఉంది. మొదట నాకు అర్థం కాలేదు. తీసేసినవాళ్ళు మళ్ళీ ఎందుకు కట్టినట్టు? తర్వాత తట్టింది. కట్ట ఉంటేనే కదా తీసి పంపటానికి.

గట్టు మీద ఈ వైపు ఎగువ ఊరు, ఆ వైపు దిగువ ఊరు వచ్చి నిలబడ్డాయి. ముందు రాఘవయ్య గారు, ఎదురుగా బసవయ్య. ఏసోబు షట్టరు హ్యాండిలు పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. మామూలుగా అయితే దిగువ ఊరివారు మొదటి మాట అనాలి. బసవయ్య అనడు. వాళ్ళు అనకుండా రాఘవయ్య గారు కదలరు. నేను కదిలిస్తే అవి సర్కారు నీళ్ళు అవుతాయి, వీళ్ళవి కావు. కొంగ ఒకటి వచ్చి తాటాకుల మీద వాలి, మమ్మల్నందర్నీ చూసి లేచిపోయింది.  నా దండోరా సగం దాకా తెచ్చి వదిలేసిందని అప్పుడు తెలిసింది.

దిగువ ఊరి గుంపులోంచి రత్నమ్మ ముందుకొచ్చింది. చేతిలో చెత్త లాగే వెదురుకర్ర ఉంది. తన చేను గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"టిఫిన్ చేశావా పెదనాన్నా?" అంది.

ఏ ఇంటి ముందు ఎవరు కనపడ్డా అడిగే మాటే. రాఘవయ్య గారు ఆమె వైపు చూశారు. ఈసారి మొహం తిప్పుకోలేదు. 

"ఇంకా లేదమ్మాయ్. నీళ్ళు పంపించి చేద్దామని."

అన్నారు, అన్నాక వంగి మొదటి తాటాకు తన చేత్తో లాగారు. రెండోది లాగబోతుంటే బసవయ్య వచ్చి అవతలి చివర పట్టుకున్నాడు. "పొలిమేర దాకా వస్తారుగా మావయ్య గారూ" అన్నాడు, ఆకు వైపే చూస్తూ. "రాకపోతే ఎట్టా?" అన్నారాయన. నా కళ్ళు చెమర్చాయి. మొహం పక్కకు తిప్పుకుని, షట్టరు ఎత్తమని ఏసోబుకు చెయ్యి ఊపాను.

ఆ రోజు నేనూ నీటి వెంట నడిచాను. నా ఉద్యోగంలో నీళ్ళను లెక్కల్లో చూశాను, గేజి రాళ్ళ మీద చూశాను. వాటితో కలిసి నడిచింది ఆ ఒక్కసారే. ఎండిన కాలువలోకి వచ్చే కొత్త నీళ్ళు మనిషి నడకకంటే నెమ్మదిగా వస్తాయి. ముందు మీగడలా నురగ, నురగలో ఎండుటాకులు, చీమలు, తుమ్మకాయలు. నేల తడిసిన వాసన ముందు వస్తుంది, నీళ్ళు వెనక వస్తాయి. రత్నమ్మ కర్రతో చెత్త పక్కకు లాగుతూ అందరికంటే ముందు నడిచింది. పొలిమేర దగ్గర రాఘవయ్య గారు ఆగిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే, మేం మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉన్నారు.  లకుముకి పిట్ట ఒకటి మా ముందు కొమ్మ కొమ్మకూ ఎగురుతూ దారి చూపిస్తున్నట్టే వచ్చింది. ఎంతసేపు నడిచామో చెప్పలేను. నీళ్ళు ఆమె చేలోకి దిగేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. బీటలు వారిన నేల నీళ్ళు తాగుతుంటే చిన్న చప్పుడు వస్తుంది, గుటకలు వేస్తున్నట్టు. మేమంతా నిలబడి దాన్ని విన్నాం.

కేసులు రెండు వైపులా రాజీ అయ్యాయి. దొంగలూరు అనే పేరు వెంటనే పోలేదు. కొన్నాళ్ళు కాఫీ హోటల్లో వినపడుతూనే ఉంది. తర్వాత దాన్ని అన్నవాణ్ణి పెద్దలే కసురుకోవటం మొదలుపెట్టారు. రత్నమ్మ వేటపాలెం వెళ్ళలేదు, మరుసటేడు కూడా అదే చేను చేసింది.

తొంభైల్లో నన్ను బాపట్లలో మురుగు కాలువల పనికి వేశారు. అక్కడా గట్లు ఆక్రమించారంటూ పైనుంచి నోటీసులు వచ్చేవి, అక్కడా ఖాళీలు మేమే నింపేవాళ్ళం. నా కింద పనిచేసిన కుర్ర ఇంజనీర్లకు ఒకటే చెప్పేవాణ్ణి. నోటీసు మీద సంతకం పెట్టే ముందు దాన్ని వీధి మాటలో పైకి చదవండి. ముందు అది ఎవరి గురించో వాళ్ళ వీధిలో నిలబడి చదువుతున్నట్టు, తర్వాత వాళ్ళ వియ్యంకుడి వీధిలో నిలబడి చదువుతున్నట్టు. రెండు చోట్లా చదవలేకపోతే సంతకం పెట్టకండి, తిరగరాయండి. కొందరు నవ్వేవారు, కొందరు రాసుకునేవారు.

1987 పంట చివర్లో శివారు నష్టాల మీద నేను రిపోర్టు పంపాలి. రత్నమ్మ చేలో చాలా భాగం గింజ పట్టింది. ఉప్పు కయ్య వైపు మూల మడి మాత్రం అప్పటికే ఆలస్యమైంది, కంకులు తెల్లగా తాలుపోయి నిలబడ్డాయి. ఆ ఫారంలో నష్టానికి కారణం రాయటానికి మూడే గళ్ళున్నాయి: వర్షాభావం, వరద, తెగులు. వర్షాభావం అని రాసి పంపాను.